ముందు ఐబులు చెప్పాల

పోయిన నెల మా మనవడికి పిల్లనిస్తామని చిలకలూరిపేట నుంచి పెద్దమనుషులు వచ్చారు. గంటసేపు కూర్చుని పిల్ల గుణగణాలు చెప్పారు. ఆ తర్వాత మావాళ్లు అందుకుని ఇంకో గంటసేపు మావాడి గొప్పలు చెప్పారు. వాడు నా చేతుల్లో పెరిగినవాడే, అయినా ఎవరి గురించి చెబుతున్నారబ్బా అని నాకే అనుమానం వచ్చింది. ఇక ఉండబట్టలేక, "అంతా బానే ఉంది గానీ పిల్లకున్న ఐబులేంది, లోపాలేంది? అవి ముందు చెప్పండి. మావాడివి నేను చెబుతా," అన్నా. నోటిదాకా వెళ్లిన కాఫీ గ్లాసులు అక్కడే ఆగినయ్యి. మా కోడలు వెనక నుంచి నా భుజం గిల్లింది.

నన్నంటే ఏం లాభం? నన్ను పెంచిన మనిషి అట్టాంటిది. ఆమె పోయి నలభై ఏళ్లు దాటింది, ఆమె నేర్పిన బుద్ధి మాత్రం పోలా.

ఆమె నాకేమవుద్దో చెప్పాలంటే మీరు కాస్త ఓపిక పట్టాల. మా అమ్మ పోయాక, బడి మాష్టరైన మా నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ వచ్చిన పిన్నికీ అది రెండో పెళ్లే, ఆమె మొదటి భర్త జ్వరంతో పోయాడు. ఆ పోయినాయన తల్లి ఈమె. అంటే మా పిన్నికి మొదటి అత్త. విధవరాలైన కోడలికి తానే సంబంధం వెతికి, పెళ్లి చేసి, ఆ కోడలి వెంట కొత్త కాపరానికి తరలివచ్చిన అత్తని నేను ఈ ఒక్కామెనే చూశా. మేమంతా మామ్మ అనేవాళ్లం. మా ఎదురింటి షావుకారు గారి భార్య ఆగలేక ఒకరోజు అడిగేసింది, "మాష్టారికి మీరు వరసకి ఏమవుతారండీ?" అని. మామ్మ చాలాసేపు ఆలోచించి, "వరస దొరికినప్పుడు చెబుతాలే అమ్మా, ఈలోపు కాస్త మజ్జిగ ఉంటే పొయ్యి," అంది.

ఆమె మొదటిసారి మా గడప తొక్కిన రోజు నాకు ఏడేళ్లు. నరసరావుపేటలో మిషను బడి వెనక పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాన్న ఆ బళ్లో మాష్టరు. మేం నలుగురు పిల్లలం, మాకొక కుక్క టైగరు. అమ్మ పోయి ఏడాదిన్నర, వంట నాన్నదే. ఆయన చారు తిని తిని పులిలాంటి టైగరు పిల్లిలాగా అయింది. గుడి అయ్యగారు, అదే మా చర్చి పాస్టరు, ఎవరికో చెప్పడం, ఆ చెప్పింది బెల్లంకొండ దాకా వెళ్లడం, ఒక పొద్దున ఈమె తాటాకు సంచీతో మా వాకిట్లో దిగడం జరిగింది. ముతక తెల్లచీర, కమ్మలు లేక సాగిపోయిన చెవులు. నాన్న కుర్చీ వేస్తే దాన్ని పక్కకి జరిపి నేలమీద చతికిలబడింది. సంబంధం మాట్లాడ్డానికి వచ్చిందని తెలిసి మా మేనత్త కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ముందు ఐబులు చెబుతా, ఇని ఆ తర్వాత మాట్లాడుకుందాం," అంది మామ్మ. కొంగు నడుముకి దోపుకుని, కుడి చెయ్యి ముందుకు చాచి, చిటికెనవేలు మడిచింది. "మా కోడలికి కోపమొస్తే మూడు రోజులు మాట్లాడదు. నాలుగో రోజు నుంచి ఆపదు." ఉంగరం వేలు మడిచింది. "కూరలో ఉప్పు చెయ్యిజారిద్ది. ఎన్నిసార్లు చెప్పినా అంతే." నడిమి వేలు. "ముగ్గురు పిల్లలు. నడిపిది పక్క తడుపుద్ది. పెద్దోడు దాసు, ఆడు మొండోడు, తండ్రి పోయిన కాడ్నుంచి మరీ." చూపుడు వేలు. "ఒక కుక్క, కోళ్లు, ఒక పొట్టేలు ఉన్నయి. పొట్టేలు తలుపు గొళ్లాలు తీసిద్ది." బొటనవేలు దగ్గరికొచ్చేసరికి ఆగింది. దాన్ని మడవలా, అట్టా పట్టుకుని చూస్తా కూర్చుంది. "ఆఖరి ఐబు నేను. నాకింకెవరూ లేరు నాయనా. నేనూ వస్తా."

మా మేనత్త నోరు తెరవబోయింది. నాన్న ఆమెని చేత్తోనే ఆపాడు. "నాకు నలుగురు పిల్లలండీ," అన్నాడు.

"పిల్లలు ఐబేంది? ఐబు చెప్పు."

"నిద్రలో మా ఆవిణ్ని పేరుపెట్టి పిలుస్తుంటానంట. పిల్లలు చెప్పారు."

మామ్మ ఆయన వంక చూసింది. చూసి, "అది ఐబు కాదులే," అని లేచి, సంచీలోంచి రెండు దోసకాయలు తీసి మా మేనత్త చేతిలో పెట్టింది. పెళ్లి మాటలు అంతటితో అయిపోయాయి.

ఈ ఐబుల గోల ఎక్కడిదంటే, ఆమె భర్త ఎద్దుల బేరగాడు. పల్నాడంతా సంతలు తిరిగేవాడు. సంతలో బేరమంటే తుండుగుడ్డ కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని చేస్తారు, పక్కనున్నవాడికి కూడా తెలియదు. ఆయన మాత్రం చెయ్యి గుడ్డ కిందకి పోకముందే పశువుకున్న లోపాలన్నీ నలుగురికీ వినపడేట్టు చెప్పేవాడంట. తన్నుద్దా, దుక్కిలో పడుకుంటదా, ఎక్కడ సుడి ఉంది, అన్నీ. "అట్టా చెప్పి అమ్మిన గొడ్డు తిరిగి మా ఇంటికి రాలేదు," అనేది మామ్మ. ఆయన తర్వాత కొడుకు కూడా అదే పద్ధతి. వాళ్లిద్దరూ పోయాక ఆమె ఆ పద్ధతిని పశువుల నుంచి మనుషులకి తెచ్చింది. ఆమె తరఫువాళ్లు ఈ పెళ్లికి అడ్డం తిరిగి, "నీ కడుపున పుట్టినోడు పోయి మూడేళ్లన్నా కాలేదు, కోడలికి పెళ్లేంది?" అని నిలదీస్తే, "ఆడు పోయాడు. ఇది పోలేదు గదా," అందంట. ఈ మాట మా పిన్ని మాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పినప్పుడల్లా ఏడ్చేది.

పెళ్లయిన వారానికి బెల్లంకొండ నుంచి బండి వచ్చింది. బండి మీద మామ్మ, పిన్ని, చిన్నపిల్లలిద్దరు, గంపకింద కోళ్లు, వెనక నడుస్తా నల్లకుక్క. బండికి ముందు, ఎడ్లకంటే ముందు, పొట్టేలు. దాని మెడ మీద చెయ్యేసుకుని దాసు. దాసు నాకంటే రెండేళ్లు పెద్ద. ఆ పొట్టేల్ని వాళ్ల నాన్న తాను వెళ్లిన ఆఖరి సంత నుంచి తుండుగుడ్డలో చుట్టి తెచ్చాడు, అప్పటికది పుట్టి రెండ్రోజులు. ఆ తర్వాత పది రోజులకే ఆయన పోయాడు. దాసు పాలల్లో గుడ్డ ముంచి చీకించి దాన్ని బతికించుకున్నాడు. తండ్రి చేతి నుంచి వాడికి మిగిలింది అదొక్కటే. దాని పేరు తాసీల్దారు. పిలవకుండానే వచ్చిద్ది, వచ్చి అన్నిట్లో తలపెట్టిద్ది, తినకుండా పోదు, అందుకని మామ్మ పెట్టిన పేరు.

మామ్మ లోకంలో అందర్నీ నువ్వు అనేది, మా నాన్నని, గుడి అయ్యగారిని, బడి తనిఖీకి వచ్చిన దొరని కూడా. తాసీల్దారుని మాత్రం తమరు అనేది. "ఏవండీ, తమరు మళ్లా జొన్నపిండి గంపలో మూతి పెట్టారంట?" అని నడుముకి కొంగు దోపుకుని నిలదీస్తుంటే అది కళ్లు మూసుకుని నెమరేసేది.

మొదట్లో ఆ ఇంట్లో యుద్ధమే. మా టైగరు, వాళ్ల నల్లోడు ఎనిమిది రోజులు కొట్టుకున్నాయి. వాటితోపాటు మేమూ. మా గ్లాసు, మీ గ్లాసు, మా చాప, మీ చాప. మామ్మ ముందు కుక్కల సంగతి పట్టింది. ఒకే చట్టిలో సంకటి కలిపి, మధ్యలో తాను కర్ర పట్టుకుని కూర్చుంది. ఏది గుర్రంటే దాని నెత్తిన ఒకటి. తొమ్మిదో రోజుకి రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఆ తర్వాత మమ్మల్ని ఏడుగుర్నీ పిలిచి, పెద్ద పళ్లెంలో అన్నం కలిపి, అదే కర్ర పట్టుకుని కూర్చుంది. మాకు తొమ్మిది రోజులు పట్టలేదు, ఆకలి గదా. తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు, మేం తొమ్మిదిమందిమి అయ్యాం. "ఇందులో మీవాళ్లెవరు, ఆవిడవాళ్లెవరు?" అని ఎవరన్నా నాన్నని అడిగితే ఆయన నిజంగానే ఒక్క క్షణం తడబడేవాడు.

ఇంట్లోకి కొత్త జీవం ఏదొచ్చినా, దాన్ని తెచ్చినవాళ్లు సాయంత్రం కుటుంబ ప్రార్థనయ్యాక నిలబడి దాని ఐబులు చెప్పాల. అది మా ఇంటి చట్టం. రెక్క విరిగిన గోరింక, కుంటి కోడిపెట్ట, ఎవరో గోతాంలో వేసి పారేసిన పిల్లికూన, అన్నీ ఐబులు చెప్పుకునే మా ఇంట్లో చేరాయి. చెప్పాక మామ్మ, "అంతేనా?" అనేది. అంతే అంటే, "అయితే ఉండనీ," అనేది. ఒక్కదాన్ని కూడా వద్దనగా నేను చూళ్లేదు. మార్కుల కాగితం తెచ్చి చూపించినా ఇదే వరస. "ఎన్నొచ్చినయ్యో నాకెందుకే, ఏది రాలేదో చెప్పు." నేను లెక్కలు రావన్నా. "అంతేనా? అయితే ఉండు," అంది. మా నాన్న బెత్తం తీశాడు గానీ ఆమె ముందు పనిచెయ్యలా.

ఇంతటి మామ్మ దగ్గర కూడా నేనూ దాసూ ఒక ఐబు దాచాం. అది తాసీల్దారుది.

వాళ్లొచ్చిన నాలుగో ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం గుళ్లో సంస్కారం ఇచ్చే రోజు, అంటే దీవించిన రొట్టెని ప్రభువు శరీరమని సంఘ సభ్యులు తలా ఒక ముక్క పుచ్చుకునే రోజు. ప్రభువు బల్ల రొట్టె పక్కగదిలో పళ్లెంలో పెట్టి, లేసుగుడ్డ కప్పి ఉంచుతారు. అయ్యగారు దాని మీద ప్రార్థన చేసి, గంట మోగాక గుళ్లోకి వచ్చి ఆరాధన మొదలుపెట్టాడు. పొట్టేలు మా వెంట గుడిదాకా వచ్చి బయట మేస్తా ఉండడం అలవాటే. చెల్లికి దాహమేస్తే నేనూ దాసూ దాన్ని బయటికి తీసుకొచ్చాం. చూస్తే తాళం వెయ్యని పక్కగది గొళ్లెం తీసుంది. లోపల్నుంచి తాసీల్దారు నింపాదిగా నడిచొచ్చింది, మూతికి లేసుగుడ్డ వేలాడతా ఉంది. లోపల పళ్లెం నాకి తుడిచినట్టుంది. దాసు నా వంక చూశాడు. వాడి మొహం అట్టా పాలిపోవడం నేనెప్పుడూ చూళ్లేదు. "చెప్పావా, దీన్ని కోయించేస్తారు," అన్నాడు. ఆ గుడ్డని నేనే లంగాలో దోపుకుని ఇంటికి తెచ్చి చింతచెట్టు మొదట్లో పాతిపెట్టా.

ఆ తప్పు గంట కొట్టే యోబు తాత మీద పడింది. ఆ గది తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. ముసలాయన, ఒంటిగాడు, ఆకలికి తినేశాడనుకున్నారు సంఘపెద్దలు. తాళంచెవి తీసేసుకున్నారు, గంట కొట్టడం మానిపించారు. ఆయన ఎవరితోనూ ఒక్కమాట అనలేదు. వచ్చి వెనక వరసలో కూర్చుని పోయేవాడు. ఆయన కనపడితే నేను వీధి మారేదాన్ని. దాసు కూడా అంతే.

వానాకాలం వెళ్లేసరికి నాకు టైఫాయిడు వచ్చింది. ఇరవై రోజులు మంచం. జుట్టంతా ఊడిపోయింది, ఒంట్లో ఎముకలు తప్ప ఏం మిగల్లా. ఆసుపత్రి డాక్టరు కూడా నాన్న భుజం తట్టి వెళ్లిపోయాడంట. ఆ సాయంత్రం మామ్మ నా మంచం పక్కన మోకరించింది. ప్రార్థన కూడా ఆమె సంతలో బేరంలాగే చేసేది. "అయ్యా, ఈ పిల్ల ఐబులు నాకు తెలుసు, నీకూ తెలుసు. లెక్కలు రావు, మొండి, నోరు పెద్దది. అయినా నాకు కావాల. దీని జ్వరం దించు. కోతపండగకి తాసీల్దారుని తెచ్చి నీకిచ్చేస్తా." నేను కళ్లు తెరిచే ఉన్నా. గుమ్మంలో దాసు నిలబడి ఉన్నాడు. విన్నాడు. వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజుకి జ్వరం దిగింది.

కోతపండగ అంటే మా సంఘాల్లో తెలియనివాళ్లుండరు. పంటలు ఇంటికొచ్చాక ఎవరికి తోచింది వాళ్లు గుడికి తెస్తారు. జొన్నలు, మిరపకాయలు, కందులు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకలు. ఆరాధనయ్యాక గుడి ముందు వాటిని వేలం వేస్తారు, వచ్చింది సంఘానికి. ఆ వేలంలో పొట్టేళ్లు ఎక్కడికి పోతాయో మాకు బాగా తెలుసు. ఆ ఏడు నూనె మిల్లాయన, సంఘానికి పెద్ద, కొండవీడు దగ్గర సంబంధం ఖాయం చేసి కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. పండగ తర్వాత వారానికే పెళ్లి. ఆయన అప్పటికే రెండుసార్లు మా ప్రహరీ పక్కన ఆగి తాసీల్దారు నడ్డి మీద చెయ్యేసి చూసిపోయాడు.

ఆ మూడు నెలలూ దాసు నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. పచ్చిగడ్డి కోసుకొచ్చి దానికి పెట్టేవాడు, దాని కాళ్ల దగ్గర కూర్చుని చదువుకునేవాడు. గుండుతో నేను పక్కనే కూర్చునేదాన్ని. నా మూలంగానే గదా, నేను బతికాననే గదా ఇది చస్తుంది అని నాకు ఒకటే కుమిలింపు. ఒకరోజు మామ్మ దగ్గరికి వెళ్లి, "మొక్కు మార్చుకోకూడదా?" అని అడిగా. "బేరం అయిపోయింది. నువ్వు బతికావు. ఆయన సొమ్ము ఆయనకియ్యాల," అంది.

పండగనాడు మామ్మ తాసీల్దారుకి స్నానం చేయించింది, కొమ్ములకి నూనె రాసింది, తన చీర చెంగు చింపి మెడలో కట్టింది. మేం తొమ్మిదిమందిమీ, నాన్నా పిన్నీ, వెనక రెండు కుక్కలూ, అందరం గుడికి నడిచాం. ఎదురింటి షావుకారమ్మ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడి చూసింది. వేలం వేసేది అయ్యగారే. గుమ్మడికాయలయ్యాయి, కోళ్లయ్యాయి. "మాష్టారి ఇంటి పొట్టేలు," అన్నాడు. దాసు తాడు పట్టుకుని ముందుకెళ్లాడు.

"ఆగు అయ్యగారూ," అంది మామ్మ. కొంగు దోపుకుంది. జనంలో అప్పుడే నవ్వులు మొదలయ్యాయి, ఆమె సంగతి అందరికీ ఎరికే. "దేవుడి గుమ్మంలో అమ్మకం. ఐబులు చెప్పకుండా అమ్మితే తప్పు." చిటికెనవేలు మడిచింది. "గొళ్లాలు తీసిద్ది." ఉంగరం వేలు. "ఖాకీ నిక్కరు కనపడితే పొడిచిద్ది." నడిమి వేలు. "పుస్తకాలు తినిద్ది. నా పాటల పుస్తకంలో సగం దాని పొట్టలోనే ఉంది." చూపుడు వేలు. "ఈడు ముదిరింది, ఇగురు ఉడకదు."

మిల్లాయన తలపాగా సర్దుకుని నవ్వాడు. "కోసేదానికి ఐబేంటమ్మా? రెండు పొయ్యిలు ఎక్కువ పెట్టిస్తాను," అని పాట మొదలెట్టాడు. ఎదురుగా ఇంకెవరో పాడారు. ఈయన పెంచాడు. వాళ్లు పెంచారు. ఈయన ఒక్కసారే అంత పెంచేసరికి ఎదుటివాళ్లు చేతులు ముడుచుకున్నారు.

"తాసీల్దారు ఒకటోసారి," అన్నాడు అయ్యగారు. "రెండోసారి."

మామ్మ బొటనవేలు ఇంకా మడవలేదు. మా వైపు తిరిగింది. "ఒరేయ్ దాసూ, ఏమే, మీరు దీంతో తిరిగేవాళ్లు. నేను మర్చిపోయిన ఐబేమన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. రేపు తెలిస్తే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

దాసు నన్ను చూశాడు. నేను వెనక వరసలో యోబు తాతని చూశా. ఎట్టాగూ చస్తున్న పొట్టేలు, ఇంకా ఎవరి కోసం దాయాల అనిపించింది. లేచి నిలబడ్డా. "ఇది ప్రభువు బల్ల రొట్టె తినేసింది అయ్యగారూ. ఎండాకాలంలో. యోబు తాత కాదు. నేను చూశా, గుడ్డ కూడా నేనే దాచా," అన్నా. దాసు నా పక్కకొచ్చి, "నేను చెప్పొద్దన్నా," అన్నాడు.

నాన్న తల వంచుకున్నాడు. మామ్మ మొహంలో రంగు పోయింది, నిజంగా ఆమెకి తెలియదు. ఆ బొటనవేలు మెల్లగా మడిచింది. "అయ్యగారూ," అంది, ఆమె గొంతు అంత తగ్గగా నేనెప్పుడూ వినలేదు. "సంస్కారం పుచ్చుకున్న దాన్ని కోసుకు తినొచ్చా?"

ఇక చూడాల. సంఘపెద్దలు నలుగురు నాలుగు రకాలు మాట్లాడారు. ఆశీర్వదించకముందా, తర్వాతా? బల్ల మీదికి రాకముందైతే ఉత్త రొట్టే గదా? అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పక్కగదిలో నేను ప్రార్థన చేసే వచ్చాను," అన్నాడు.

మిల్లాయన విసుక్కున్నాడు. "ఏం పుచ్చుకుంటున్నదో గొర్రెకి తెలుసా అయ్యగారూ?"

"మనలో ఎంతమందికి తెలుసు?" అన్నాడు అయ్యగారు.

ముందు ఎవరో ఒకళ్లు నవ్వారు. తర్వాత ఇద్దరు. తర్వాత గుడి ముందున్న జనమంతా పొట్టలు పట్టుకున్నారు. మిల్లాయన నవ్వకుండా ఉండాలని చూశాడు గానీ, వెనక నుంచి ఆయన భార్యే, "నా కూతురి పెళ్లిలో సంఘ సభ్యుణ్ని వండుతారా?" అనేసరికి ఆయనా ఆగలేకపోయాడు. అయ్యగారు చెయ్యెత్తి, "ఈ జీవాన్ని దేవుడికి ఇచ్చారు. మనం అడక్కముందే ఆయన తీసేసుకున్నాడు. ఇక అమ్మడానికి మనమెవరం? ఇది గుడిది. బతికినన్నాళ్లు గుడిదే. కాకపోతే మేపేవాళ్లు కావాలి," అన్నాడు. దాసు తాడు పట్టుకున్న చెయ్యి అప్పటికే పైకెత్తాడు.

"మరి ఆయన పాడిన పాట?" అని అడిగింది మామ్మ. ఆమెకి ఊపిరి తిరిగొచ్చింది. మిల్లాయన నలుగురి వంకా చూశాడు. అంతమందిలో వెనక్కి తగ్గేదెట్టా? "పాడింది పాడిందే. సంఘానికి ఇస్తాను," అన్నాడు. అయ్యగారు అన్నిట్లోకి పెద్ద గుమ్మడికాయ ఏరి ఆయన చేతుల్లో పెట్టాడు.

తర్వాత అయ్యగారు జేబులోంచి తాళంచెవి తీసి వెనక వరస దాకా నడిచి వెళ్లాడు. "మమ్మల్ని క్షమించు తాతా," అన్నాడు, అందరూ వినేట్టు. ఆ వెనకే నేనూ దాసూ వెళ్లి యోబు తాత కాళ్లు పట్టుకున్నాం. ఆయన మా నెత్తిన చేతులు పెట్టి లేచి, గంట దగ్గరికి పోయి తాడు అందుకున్నాడు. ఆరాధన లేదు, పెళ్లి లేదు, చావు లేదు. మిట్టమధ్యాహ్నం. అయినా కొట్టాడు. చేతులు పడిపోయేదాకా కొట్టాడు. పేట వీధుల్లో జనం ఏమైందోనని బయటికొచ్చారు. ఆ గంట మోగుతుంటే మేం ఇంటికి బయల్దేరాం. ముందు తాసీల్దారు, మెడలో మామ్మ చీర పేలిక, పక్కన దాసు, వాళ్ల వెనక ఊరేగింపులాగా మేమంతా. టైగరు, నల్లోడు మొరుగుతానే ఉన్నాయి. షావుకారమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. పోయిన పొట్టేలు తిరిగి రావడం చూసి నోటి మీద చెయ్యేసుకుంది. నా జన్మలో అంత సంతోషంగా నేనెప్పుడూ నడవలా, నా పెళ్లిరోజున కూడా.

మామ్మ అందరికంటే వెనక పడింది. నేను ఆగి ఆమె చెయ్యి పట్టుకున్నా. రొట్టె సంగతి దాచినందుకు వీపు మీద ఒకటి పడుతుందని తెలుసు, పడింది. ఆ తర్వాత అడిగా, "మామ్మా, ఎట్టాగో అట్టా తిరిగి తెస్తాలే అనుకునే మొక్కావు గదా?"

"లేదే," అంది. "ఇచ్చేద్దామనే తీసుకొచ్చా. పొద్దున దానికి బెల్లం పెట్టి, నా కొడుక్కి చెప్పినట్టు దానికీ చెప్పుకున్నా, వెళ్లి రా అయ్యా అని."

"అంత ఇష్టమైనదాన్ని ఎందుకు మొక్కావు? కుంటి కోడి ఉంది గదా."

మామ్మ నడక ఆపింది. నా గుండు మీద అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టుని అరచేత్తో నిమిరింది. "కుంటి కోడినిచ్చి నిన్నిమ్మంటే, నీ ఖరీదు ఆయనకి నేనెంతని చెప్పినట్టే?" అంది. "నడు, తాసీల్దారు గారు ఎండన పడి వచ్చారు, నీళ్లు పెట్టాల."